గోదావరి యొడ్డున గట్టు: భద్రాద్రి కట్టడములు, నిత్యజీవనము

సముద్రమునకు బహుదూరమున నున్నను, భద్రాచలమును ద్వీపమని పిలుచుటకు నాకు సంకోచము లేదు. 1986 ఆగస్టులో గోదావరి ఇచ్చట 75.6 అడుగుల మట్టమున కెక్కెను. 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినప్పుడు మన్యపు దారులన్నియు మునిగి, 1965లో ప్రారంభమైన వారధిపై సైతము రాకపోకలు నిలిపివేయవలసి వచ్చెను. ఆ దినములలో జలమధ్యమున మిగిలినవి రామాలయమున్న భద్రగిరియు, దానిని నమ్ముకొన్న పట్టణమును మాత్రమే. రాష్ట్రవిభజన దీనికి మరియొక విధమైన ద్వీపత్వమును కల్పించినది: 2014లో పోలవరము జలాశయపు ముంపునిమిత్తమై పరిసర గ్రామములు ఆంధ్రప్రదేశమున చేరగా, భద్రాచలము రెవెన్యూ గ్రామము మాత్రము తెలంగాణమున నిలిచి, ఒకవైపు నదియు తక్కిన వైపుల పొరుగు రాష్ట్రమును గలదైనది. 1874లో మధ్యపరగణాలనుండి మదరాసు రాజధానికిని, 1959లో తూర్పుగోదావరినుండి ఖమ్మము జిల్లాకును మారిన ఈ సీమకు ఎల్లలు మారుట క్రొత్త గాదు.

పాల్వంచ పరగణాకు తహసీలుదారుగానుండిన కంచెర్ల గోపన్న, గోల్కొండ సుల్తానగు తానీషా ప్రభుత్వకాలమున, అనగా 1672కును 1687లో గోల్కొండ పతనమునకును నడుమ, ఈ గుట్టపై ఆలయమును నిర్మించి, రాజస్వధనమును వెచ్చించెనన్న అభియోగముపై గోల్కొండ దుర్గమున బందీయగుట సర్వవిదితము. ఆయన కథను భక్తిదృష్టితో చెప్పినవారనేకులు. స్థలనిర్ణయమును గూర్చి ఆలోచించినవారు మాత్రము అల్పులు. పుట్టలో స్వామిని మొదట కనుగొని, తాటియాకుల పందిరి వేసి, తాటిపండ్లు నివేదించినది పోకల దమ్మక్కయను ఆదివాసి స్త్రీ యని స్థానికుల నమ్మిక. వరదనీరందని మిట్ట యేదియో అడవిలో పుట్టి పెరిగినవారికే ముందుగా తెలియుననుట సహజమైన విషయము. గోపన్న కట్టించిన రాతిగుడి ఆ యెఱుకపైననే నిలిచినదని నా యభిప్రాయము. అందుచేత దమ్మక్క పందిరిని ఈ క్షేత్రవాస్తుచరిత్రలో ప్రథమాధ్యాయముగా గ్రహింపవలెను.

గుట్ట దిగినచో జీవనమంతయు అడుగుల లెక్కపై నడచును. స్నానఘట్టముకడ నిలిపిన కొలమానమును చూడక వర్షకాలమున ఏ దుకాణదారుడును సరకు దించుకొనడు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కు మూడవది. ఉదయమున ఎదురుపడినవారు కుశలమడుగుటకు మారుగా “నలభై మూడు దాటిందా?” యని అడుగుదురు. ఊరిని కాచుటకు కట్టిన కరకట్టయే ఒక్కొక్కప్పుడు ఊరికి చిక్కు తెచ్చును: నది పొంగినప్పుడు తూముల తలుపులు మూయగా, లోపల కురిసిన వాననీరు బయటికి పోవుదారి లేక ఆలయపరిసరముల వీథులలోనే నిలిచిపోవును. గర్భగుడికి భయము లేదు; గుడిక్రింద కొబ్బరికాయలమ్ముకొని బ్రతుకు కుటుంబమునకు మాత్రము మోకాటిలోతు నీరు తప్పదు.

ఇక అడవియంచు పల్లెల యిండ్లు. కోయల యింటి నడుమ నిట్టాడు పాతి, దానిపై దూలమును, దూలమునుండి వాసములను దించి, వెదురుదబ్బలను అడ్డముగా పరచి చెట్టునారతో కట్టుదురు. పైన తాటియాకో, గడ్డియో కప్పుదురు. గోడ యన తడికయే. దానికి ఎఱ్ఱమట్టిని పేడతో కలిపి లోపలను వెలుపలను మెత్తుదురు. దగ్గఱనుండి చూచినవారికి ఆ మెత్తుపై అరచేతి గుర్తులు, వ్రేళ్ల వంపులతోసహా, స్పష్టముగా కానవచ్చును. వరద వచ్చి పోయిన పిమ్మట మట్టి కరగిపోవునేగాని నిట్టాడును వాసములును తఱచు నిలిచియుండును. తడిక నెండబెట్టి మరల మెత్తినచో ఇల్లు మరల ఇల్లగును. కొండలపై పోడు కొట్టుకొని జీలుగుకల్లు దించుకొను కొండరెడ్ల కుటీరములకును వెదురే ప్రాణము. వేసవిలో తునికాకు కోతకును, ఇప్పపూవు ఏరుటకును సాగిపోవు జనమునకు ఇంతకన్న బరువైన యిల్లు అక్కఱలేదు. ప్రవాహమునకు లొంగని యెత్తున రాతికట్టడము, ప్రవాహమునకు లొంగి మరల లేచు మట్టికట్టడము: రెండును ఒకే నదిని ఎఱిగినవారి నిర్మాణములే. మొదటిదానిని శిల్పమనియు రెండవదానిని గుడిసె యనియు విడదీయుట మన చదువులోని లోపము.

శ్రీరామనవమినాడు ఈ రెండు లోకములును ఒక్కచో చేరును. తానీషా కాలమునుండి వచ్చుచున్నదని చెప్పెడి ముత్యాల తలంబ్రాల సమర్పణను నేటికిని ప్రభుత్వము నెఱవేర్చుచున్నది. సుదూరమైన కోరుకొండ ప్రాంతమునుండి భక్తులు గోటితో వొలిచిన బియ్యమును తలంబ్రాలకై మోసికొని వత్తురు. మన్యపు పల్లెలనుండి కాలినడకను వచ్చిన కుటుంబములు నదిలో మునిగి, మెట్లెక్కి, తిరుకల్యాణము చూచి, చీకటి పడకమున్నే వెనుదిరుగును.

ఇప్పుడు కూనవరము, వరరామచంద్రాపురము మండలములలోని అనేక గ్రామములు పోలవరము జలాశయపు ముంపుప్రాంతమున నున్నవి; ప్రజలు సిమెంటు కాలనీలకు తరలుచున్నారు. ఆలయశిలలను వర్ణించుటకు మనకింకను వ్యవధి కలదు. నిట్టాడుకు ఏ చెట్టు కఱ్ఱను ఎంచుకొందురు, ఒక్క కప్పు ఎన్ని వానలకు నిలుచును, మెత్తుమట్టి ఏ వాగు గట్టునుండి తెత్తురు అన్న ప్రశ్నలను మాత్రము, ఆ యిండ్లు కట్టిన ముదుసళ్లు ఆ గట్లపై నుండగానే వారి యరుగుపై కూర్చుండి అడిగి వ్రాసికొనవలెను.