బి.సి.జి. టీకా: ఒక పరీక్ష చరిత్ర

టీకా వేసికొన్నవారికి క్షయ రాలేదని చెప్పిన చాలదు. వేసికొననివారిలో ఎందరికి వచ్చినదో తెలిసిననే గాని ఆ మాటకు విలువ యుండదు. ఈ చిన్న సూత్రము మన దేశమున ఎంత కాలమునకు ఆచరణలోనికి వచ్చినదో చూడుడు.

బి.సి.జి. టీకా ఇచట 1948లో రెండు కేంద్రములలో ఆరంభమైనది. అందొకటి మదనపల్లె. 1951 నాటికే అది పెద్ద ఉద్యమమైనది. మన గ్రామములలో ఫలితము తేలకమునుపే లక్షలమంది బిడ్డలకు సూది పడినదన్నమాట! 1955లో రాజాజీ దీనిని ఖండించుచు పుస్తకము వ్రాసిరి. ఆయన వైద్యవాదములన్నియు నిలుచునవి కావు. కాని ప్రజలకు వేయు మందునకు ఋజువు చూపుడని అడుగుట న్యాయమే.

ఋజువు వెదకుటకు పూనుకొన్నవారిలో ఆరోగ్యవరము శానటోరియము వైద్యులు ముందువారు. డాక్టర్ ఫ్రిమట్ మోలర్ నాయకత్వమున, 1950 మొదలుకొని మదనపల్లె పరిసర గ్రామములలో, క్షయక్రిమి ఇంకను సోకనివారిని రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకే టీకా వేసిరి. కొంత రక్షణ కనబడినది. కాలము గడచినకొలది అది సన్నగిల్లినది.

సందేహము తీరలేదు. 1968లో చెంగల్పట్టు జిల్లాలో ఇంతకంటె చాల పెద్ద పరీక్ష ఆరంభమైనది. సుమారు 2,60,000 మంది అందు పాల్గొనిరి. కొందరికి టీకా, కొందరికి మందు లేని ద్రవము. ఎవరికేది పడినదో వేసినవారికిని తెలియదు, వేయించుకొన్నవారికిని తెలియదు. ఇది వంచన కాదా యని శ్రోతలు అడుగవచ్చును. మేలు జరుగునని నిశ్చయముగ తెలిసియు ఇయ్యకుండుట వంచనయే. ఇచట మేలే సందేహాస్పదము. అయినను అంగీకారమను ప్రశ్న మిగిలియే యున్నది. మనుష్యులపై జరుపు పరిశోధనలకు భారత వైద్య పరిశోధన మండలి నీతినియమములను ప్రకటించినది 1980లో. అప్పటికి ఈ పరీక్షకు పండ్రెండేండ్లు నిండినవి.

1979లో ఏడున్నరయేండ్ల ఫలితము వెలువడినది. పెద్దలకు వచ్చు ఊపిరితిత్తుల క్షయనుండి టీకా రక్షణ నీయలేదని తేలినది. ముప్పదియేండ్లుగ ప్రభుత్వము ప్రచారము చేసిన మందునుగూర్చి, ప్రభుత్వ సంస్థయే ఇట్లు ప్రకటించుట సామాన్యవిషయము కాదు. దాచియుంచిన అడుగువారెవరు? పసిబిడ్డలకు మాత్రము టీకా ఆగలేదు. మెదడుపొరలకు సోకు క్షయనుండి అది శిశువులను కాపాడునని ఇతర పరిశీలనలు తెలిపినవి. నేటికిని పుట్టిన బిడ్డకు వేయుచున్నారు.

పదునైదేండ్ల పూర్తి నివేదిక 1999లో ఒక ఇంగ్లీషు వైద్యపత్రికలో అచ్చయినది. నాడు చేయి చాచిన గ్రామస్థులలో దానిని చదువగలవారు ఎందరో!