ఓటరు చేతికి వచ్చిన కాగితం

పెదవేగి మండలం దెందులూరు శాసనసభ నియోజకవర్గంలోది. అక్కడ పోటీచేసే ప్రతి అభ్యర్థీ నామినేషన్‌తో పాటు ఫారం 26 అనే అఫిడవిట్ ఇవ్వాలి. తనమీద ఉన్న కేసులు, తన పేరున, భార్య లేదా భర్త పేరున, తనపై ఆధారపడినవాళ్ల పేరున ఉన్న పొలాలు, బంగారం, బ్యాంకు నిల్వలు, అప్పులు, తన చదువు, అన్నీ ప్రమాణం చేసి అందులో రాయాలి. రిటర్నింగ్ అధికారి కార్యాలయం నోటీసు బోర్డు మీద దాన్ని పెడతారు. ‘ఫలానా అభ్యర్థి ఆస్తి ఇన్ని కోట్లు’ అని మర్నాడు పేపర్లో వచ్చే వార్తకు మూలం ఆ కాగితమే. మొదటి ఎన్నికల నుంచీ ఇది ఉందనుకునేవాళ్లు నాకు చాలామంది తగిలారు. ఇలా అన్నీ వెల్లడించాలన్న నియమం 2003 నుంచే ఉంది. అదీ ఏ పార్టీ చలవా కాదు.

1999 మేలో లా కమిషన్ తన 170వ నివేదికలో అభ్యర్థులు కేసులు, ఆస్తులు వెల్లడించాలని సూచించింది. ప్రభుత్వం కదల్లేదు. అహ్మదాబాద్ ఐఐఎంలో పాఠాలు చెప్పుకునే త్రిలోచన్ శాస్త్రి, జగదీప్ ఛోకర్, మరికొందరు ఆచార్యులు కలిసి ఏడీఆర్ అనే సంస్థను మొదలుపెట్టి, ఆ ఏడాది చివర్లోనే ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. వాళ్లెవరూ ఎన్నికల్లో నిలబడేవాళ్లు కారు, వకీళ్లూ కారు.

ఇటు మన దగ్గర 1996లో ఐఏఎస్ వదిలేసిన జయప్రకాశ్ నారాయణ్, మిత్రులతో కలిసి లోక్‌సత్తాను నడుపుతున్నారు. అప్పటికది పార్టీ కాదు, ఉద్యమం. 1999 ఎన్నికల్లో నేరచరిత్ర ఉన్న అభ్యర్థుల పేర్లను లోక్‌సత్తా బయటపెట్టింది. తనమీద నడుస్తున్న కేసుల గురించి అభ్యర్థి నోరు విప్పనక్కరలేని రోజులవి. అలాంటప్పుడు వివరాలు కూడగట్టి పేరుపెట్టి చెప్పడానికి ఎంత గుండెదిటవు కావాలో మన ఊళ్ల రాజకీయం చూసినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

2000 నవంబరు 2న హైకోర్టు ఏడీఆర్ వాదన ఒప్పుకుంది. కేంద్రం అప్పీలుకు వెళ్లింది. 2002 మే 2న సుప్రీంకోర్టు కూడా ఓటరు వైపే నిలిచింది. అప్పుడు జరిగింది నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. దేనిమీదా కలవని పార్టీలన్నీ జూలైలో ఒకచోట కూర్చుని, ఈ తీర్పు అమలు కాకూడదని ఏకమయ్యాయి. ఆర్డినెన్సు తయారైంది. రాష్ట్రపతిగా వచ్చి నెలైనా నిండని అబ్దుల్ కలాం దాన్ని వెనక్కి పంపారు. మంత్రివర్గం మళ్లీ అదే పంపింది. రాజ్యాంగం ప్రకారం ఆయన సంతకం చేయక తప్పలేదు. ఏడాది చివరికి అది చట్టమైంది. చట్టంలో చెప్పినవి తప్ప మరే వివరమూ, ఏ కోర్టు అడిగినా సరే, అభ్యర్థి ఇవ్వనక్కర్లేదని 33బి సెక్షన్ చెప్పింది.

ఈసారి ఏడీఆర్ ఒంటరిగా వెళ్లలేదు. పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్, హైదరాబాదు నుంచి లోక్‌సత్తా కూడా పిటిషన్లు వేశాయి. 2003 మార్చి 13న సుప్రీంకోర్టు 33బిని కొట్టేసింది. తీర్పు రాసిన ముగ్గురిలో ఒకరు, ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ పి. వెంకటరామరెడ్డి. ఓటు వేయడం భావప్రకటనే, ఎవరికి వేస్తున్నామో తెలియకుండా ఆ ప్రకటనకు అర్థం లేదన్నది తీర్పు సారం. రెండు వారాలకు ఎన్నికల సంఘం కొత్త ఉత్తర్వులిచ్చింది.

ఈ పోరాటం వెనుక ఇచ్చిన చేతులు కూడా ఉన్నాయి. పెదవేగిలో దొరికిన శాలంకాయన రాజు నందివర్మ రాగిరేకులు ఒక దానం గురించినవి. దానాన్ని రాతలో పెట్టి నలుగురికీ తెలియజేయడం ఈ నేలకు అంత పాతది. ఇప్పటికీ మన జిల్లాలో గుడికి, కల్యాణ మండపానికి, బడి గదికి ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. వారి పేర్లు పాలరాతి మీద ఉంటాయి, ఉండాలి కూడా. కానీ కోర్టు కేసుకు పేరు చెక్కే గోడ ఉండదు. మూడేళ్లకు పైగా నడిచిన వ్యాజ్యానికి డబ్బిచ్చినవారూ, జీతం లేకుండా కాగితాలు మోసినవారూ ఎవరికీ గుర్తులేరు. నా దృష్టిలో అది అన్నదానానికి తీసిపోని దానం.

ఆ తర్వాత కూడా ఇలాంటి సంస్థలే పని ముందుకు నడిపాయి. అఫిడవిట్‌లో గడులు ఖాళీగా వదిలితే కుదరదని 2013లో తీర్పొచ్చింది. ఆస్తులే కాదు, ఆదాయం ఎక్కడిదో కూడా రాయాలని 2018లో వచ్చింది. ఎన్నికల బాండ్లను కొట్టేసిన 2024 ఫిబ్రవరి 15 తీర్పులోనూ పిటిషనర్లలో ఏడీఆర్ ఉంది.

మిగిలిన లోపం పెద్దదే. అఫిడవిట్‌లో అబద్ధం రాస్తే ఎన్నికల చట్టంలోని 125ఎ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ. అయితే రాసింది నిజమో కాదో నామినేషన్ సమయంలో ఎవరూ సరిచూడరు. నామినేషన్ల పరిశీలనలో అధికారి అంకెల జోలికి పోరు. ఆ పని కూడా పౌరులే చేయాలి. దెందులూరు అభ్యర్థుల గత మూడు ఎన్నికల అఫిడవిట్లను పక్కపక్కన పెట్టి, సర్వే నంబర్లను రెవెన్యూ రికార్డులతో సరిచూసి, తేడాలను తేట తెలుగులో అచ్చువేసి ఊరూరా పంచవచ్చు. అందుకు లా చదివే నలుగురు పిల్లలు, ఓ రిటైర్డ్ తహసీల్దారు, వాళ్ల ఏడాది ఖర్చు భరించే ఒక దాత చాలు. ఏలూరులోనో, అమెరికాలో ఉన్న మనవాళ్లలోనో ఆ దాత ఉండే ఉంటారు. వచ్చే నామినేషన్లలోపు వారు ముందుకు రావాలి.