తపసుమాను కింద

మా సత్యవేడు వైపు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం పెట్టారంటే ఇక ఎవరికీ ఇంటిధ్యాస ఉండదు. చాలాచోట్ల 18 రోజులు. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం.

అర్జున తపస్సునాడు వేషగాడు పద్యాలు పాడుతూ ఎత్తయిన మాను ఎక్కుతాడు. కింద పిల్లల్లేని ఆడవాళ్ళు తడిచీరలతో సాగిలపడి ఉంటారు. ఒక ఏడు మా చిన్నమ్మా పడింది. పైనుంచి విసిరిన నిమ్మకాయ ఒకటి ఆమె చేతికందింది.

మర్నాడు చూద్దునుగదా, సగం రంగు కడుక్కున్న అర్జునుడు అంగట్లో టీ తాగుతున్నాడు! నేను పకపకా నవ్వాను. చిన్నమ్మ నవ్వలేదు. "మాను ఎక్కినప్పుడు అర్జునుడు. దిగినాక మనిషి. దాంట్లో నవ్వేదేముందే?" అంది.

బి.ఏ.లో యూరప్ చర్చి నాటకాల గురించి చదివినప్పుడు ఈ మాటే గుర్తొచ్చింది. పదో శతాబ్దంలో వించెస్టర్ బిషప్ ఎథెల్‌వోల్డ్ మఠాలకోసం కూర్చిన నియమావళిలో ఈస్టర్ వేకువ ప్రార్థనకో చిన్న ఏర్పాటుంది. తెల్లని అంగీతో ఒక సన్యాసి సమాధి దగ్గర కూర్చోవాలి. ముగ్గురు ధూపపాత్రలతో వెతుకుతున్నట్టు రావాలి. వాళ్ళే మేరీలు! ఎవరికోసం వచ్చారని ఆయన అడుగుతాడు, ఖాళీ సమాధి చూపిస్తాడు. గంటలు మోగుతాయి. నాలుగు మాటల నాటకం, ప్రార్థన నడిమధ్యనే.

తర్వాత్తర్వాత నాటకం వీధికెక్కింది. యార్క్‌లో బళ్ళమీది ప్రదర్శనల ప్రస్తావన 1376 నాటికే ఉంది. నోవా ఓడ కట్టే ఘట్టం ఓడల వడ్రంగులది! మతసంస్కరణల కాలంలో, 1569తో అవి ఆగిపోయాయి. 1951లో మళ్ళీ ఆడారు.

పీఠం వదిలాకే నాటకం ఎదిగిందని చేంబర్స్ 1903లో రాశాడు. 1965లో హార్డిసన్ కాదన్నాడు. ఆనాటి భక్తులకు పూజే ఒక నాటకం, మధ్య గోడ లేదన్నాడు. యార్క్ బళ్ళు కదిలిందీ కార్పస్ క్రీస్తి పండుగనాడే గదా!

మన భారతమే చూడండి. మట్టి దుర్యోధనుడు కూలతాడు, ద్రౌపది జుట్టు ముడుస్తుంది. కథ అయిపోయింది, లేచిపోదామంటారా? అప్పుడే జనం అగ్నిగుండం తొక్కుతారు! ఏది ఆట, ఏది మొక్కు?

చిన్నమ్మకు పిల్లలు కలగలేదు. అయినా భారతానికి వెళ్ళడం మానలేదు. "అర్జునుడు వరమియ్యలేదుగదా!" అన్నానొకసారి.

"నిమ్మకాయ నా చేతిలో పడిందిగదా," అంది.