గోడ రంగుపై వెలుతురు ప్రభావం
గోడ రంగు సగమే డబ్బాలో ఉంటుంది, మిగతా సగం వెలుతురుది. పూతలోని వర్ణకం కొన్ని తరంగదైర్ఘ్యాలను పీల్చుకుని మిగిలినవాటిని తిప్పి పంపుతుంది. తనమీద పడని కాంతిని మాత్రం పంపలేదు. అందుకే 2700 కెల్విన్ల పసుపు బల్బు కింద వెచ్చగా ఉన్న మీగడ రంగు 6500 కెల్విన్ల తెల్ల ట్యూబులైటు కింద పాలిపోతుంది. కన్ను వెలుతురుకు అలవాటుపడి ఈ తేడాను సర్దుకుంటుంది కదా అనవచ్చు. నిజమే, తెల్ల కాగితం రెండింటి కిందా తెల్లగానే తోస్తుంది. కానీ ఆ సర్దుబాటు పూర్తిగా జరగదు. పైగా చౌకరకం ఎల్‌ఈడీలో ఎరుపు కొరవడితే కన్ను దాన్ని పుట్టించలేదు. పగలు ఒకే రంగుగా కలిసిపోయిన గోడ, కర్టెన్ రాత్రి విడిపోయి కనిపించేది దీపకాంతి మిశ్రమం మారడంవల్లనే. ఇక ఎర్ర గచ్చు ఉన్న గదిలో నేల నుంచి తిరిగొచ్చే ఎరుపు తెల్లగోడ అడుగున స్పష్టంగా కనబడుతుంది. కాబట్టి దుకాణంలో చూసిన రంగు నమూనా అట్టముక్క బలహీనమైన సాక్ష్యం. రంగు వేయాల్సిన గోడకే మూరెడు మేర పూసి, పొద్దునా దీపాలు వెలిగాకా చూడాలి.