పేరు దొరకని పూర్వికుడు: ఇందల్వాయి ప్రాంత క్రైస్తవ కుటుంబాల వంశచరిత్రకు ఆధారాలు

బబులోను చెర నుండి తిరిగి వచ్చినవారిలో కొందరు యాజకులు తమ వంశావళి గ్రంథంలో పేర్ల కోసం వెదికారనీ, అవి కనబడనందున యాజకత్వం నుండి తొలగింపబడ్డారనీ ఎజ్రా 2:62లో చూస్తాము. పత్రంలో పేరు లేకపోతే మనిషి హక్కు ఏమవుతుందన్నది అంత పాత ప్రశ్న. ఇందల్వాయి, డిచ్‌పల్లి, బోధన్ ప్రాంత సంఘాలలో చదువుకున్న యువకులు ఇటీవల మరో రూపంలో అదే అడుగుతున్నారు: "అయ్యగారూ, మా ముత్తాత ఎవరు? ఎక్కడైనా రాసి ఉందా?" ఈ ప్రాంతంలో ఏ పత్రం ఎంతవరకు జవాబు చెప్పగలదో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వంశచరిత్రపై ఇంగ్లీషు పుస్తకాలు చదివినవారు మొదట అప్రెంటిస్ రికార్డులు, జనాభా లెక్కలు చూడాలని అనుకుంటారు. ఇంగ్లండులో అది సరైన దారే. అక్కడ 1710 నుండి అప్రెంటిస్ ఒప్పందాలపై స్టాంపు పన్ను విధించడం వలన యజమాని పేరు, వృత్తి, పనివాడి పేరు, తొలి దశాబ్దాలలో తండ్రి పేరు కూడా ప్రభుత్వ పుస్తకాలకు ఎక్కాయి. 1841 నుండి జనాభా లెక్కల ఫారాలు పేర్లతో సహా భద్రపరచబడ్డాయి. నూరేళ్ల గడువు తీరాక 1921 నాటి ఇంగ్లండు, వేల్సు లెక్కలు 2022లో ప్రజలకు అందాయి.

మన దగ్గర ఈ రెండు దారులూ మూసుకుపోయి ఉన్నాయి. నిజాం రాజ్యంలో మొదటి జనాభా లెక్కలు 1881లో జరిగాయి. తరువాత ప్రతి పదేళ్లకూ సంపుటాలు వెలువడ్డాయి. వాటిలో కులాలు, మతాలు, వృత్తుల వారీగా అంకెలున్నాయి గాని మనుషుల పేర్లు లేవు. పట్టికలు తయారయ్యాక ఇంటింటి చీటీలను ఉంచలేదు. స్వతంత్ర భారతంలో 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షను ప్రకారం వ్యక్తిగత వివరాలు ఎవరూ తనిఖీ చేయడానికి వీలులేదు. కాబట్టి లెక్కల పుస్తకం మన ముత్తాతను ఒక అంకెగా మాత్రమే చూపగలదు.

అప్రెంటిస్ కాగితం సంగతి ఇంకా లోతైనది. విలియం కేరీ పద్నాలుగో ఏట చెప్పులు కుట్టే పనిలో అప్రెంటిస్‌గా చేరాడని మనకందరికీ తెలుసు. అదే పని చేసిన మన మాదిగ పూర్వికుడు ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఏ కాగితమూ చెప్పదు. కాగితం పోలేదు, అసలు పుట్టలేదు. తండ్రి దగ్గర కొడుకు నేర్చుకున్నాడు, కులమే ఒప్పందపత్రమైంది.

ఒప్పందం అన్నది మన పల్లెలో అప్పు రూపంలో వచ్చింది. పెళ్లికో చావుకో దొర దగ్గర అప్పు తీసుకొని, తీరేదాకా జీతముండడం, తీరకపోతే కొడుకు ఆ కాడి ఎత్తుకోవడం భగేలా పద్ధతి. 1936లో హైదరాబాదు ప్రభుత్వం భగేలా ఒప్పందాల రెగ్యులేషన్ తెచ్చి, ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలనీ ఏడాదికి మించరాదనీ చెప్పింది. చాలామట్టుకు అది కాగితం మీదే నిలిచింది. వెట్టిచాకిరీని దేశమంతటా రద్దు చేసిన చట్టం 1976లో గాని రాలేదు. కనుక అలాంటి ఒప్పందపత్రం ఏ పాత పెట్టెలోనైనా దొరికితే అది అపురూపమే. ఇంగ్లండు పిల్లవాడి పత్రం పని నేర్పుతానన్న మాట, మనవాడి పత్రం పని విడువనన్న మాట.

ఇక్కడొక విచిత్రం గమనించాలి. 1860 నవంబరు 16న మద్రాసు నుండి 'ట్రూరో' ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 వరకు 1,52,184 మంది భారతీయులు నటాల్ చెరకు తోటలకు కూలికి వెళ్లారు. వారిలో తెలుగువారు చాలామంది. 1903లో తెలుగు బాప్తిస్టులు రెవ. జాన్ రంగయ్యగారిని పంపింది వీరి కొరకే. ఓడ జాబితాలలో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చ సహా రాయబడ్డాయి. వారి మునిమనవలు నేడు ఆ జాబితాలలో తాతను వెదికి పట్టుకుంటున్నారు. సముద్రం దాటిన కూలికి పత్రముంది, ఊళ్లోనే దొర పొలంలో ఉండిపోయిన జీతగాడికి లేదు.

భూమి పత్రాలు కొంత ఆశ కలిగిస్తాయి. సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ తహసీలు కార్యాలయాలలో అడగదగినవి. అయితే అవి పట్టాదారును, సాగుదారును మాత్రమే ఎరుగును. పాత ఉర్దూ కాగితాలు చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. ఫసలీ సంవత్సరం అక్టోబరులో అజూర్ నెలతో మొదలయ్యేది గనుక డిసెంబరు దాకా 590, జనవరి నుండి 591 కలపాలి. ఇక ఉర్దూలో హ్రస్వాచ్చుల గుర్తులు సాధారణంగా రాయరు. 'ఇందల్వాయి'ని 'అందల్వాయి' అని కూడా చదవవచ్చు, 'ఇందూరు' 'అందూరు' కావచ్చు. ఎల్లయ్య ఏలియా అయిపోయే ప్రమాదమూ ఉంది.

అందుచేత మన ప్రాంతంలో పేరుతో నిలిచిన మొదటి పత్రం చాలా కుటుంబాలకు బాప్తిస్మపు రిజిస్టరే. వెస్లియన్ మెథడిస్టు మిషను సికింద్రాబాదులో పని ప్రారంభించింది 1879లో. డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్‌గార్లు రాజా నర్సాగౌడ్ ఇచ్చిన విరాళంతో డిచ్‌పల్లిలో కుష్ఠు ఆసుపత్రిని 1915లో ప్రారంభించారు. ఇలాంటి మిషను రిజిస్టర్లలో సాధారణంగా పాత పేరు, కొత్త పేరు, తండ్రి పేరు, ఊరు ఒకే వరుసలో ఉంటాయి. భూమిలేనివాని తండ్రి పేరును గౌరవంగా రాసి ఉంచిన పుస్తకం అదొక్కటే అనడం అతిశయోక్తి కాదు. మిషనెరీల ఉత్తరాలు, వార్షిక నివేదికలు లండనులోని సోయాస్ గ్రంథాలయంలో ఉన్నాయి. కాని మన పాస్టరేటు అల్మారాలోని పుస్తకాన్ని చెదలు తినకముందే ఫోటో తీయించడం అంతకంటె తొందరైన పని.

రిజిస్టరులో తేదీ లేనిచోట పెద్దల జ్ఞాపకాన్ని వాడాలి. వారు సంవత్సరం చెప్పరు గాని గుర్తు చెబుతారు: రైలు పట్టాలు వేసిన కాలమంటే 1899-1901, నిజాంసాగర్ కట్టినప్పుడంటే 1923-31, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పెట్టిన నాడు 1937 ప్రాంతం, రజాకార్ల గడబిడ అంటే 1947-48. ఒక పుట్టుక ఏ గుర్తుకు ముందో వెనుకో తెలిస్తే పదేళ్ల లోపుకు దిగవచ్చు.

చివరిగా ఒక చిక్కు సంగతి. ఒకే మనిషి రిజిస్టరులో క్రైస్తవ పేరుతో, ప్రభుత్వ పత్రంలో పాత పేరుతో కనబడడం సామాన్యం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. తరువాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన దళితులు మన రాష్ట్రంలో బి.సి.-సి గానే ఉన్నారు. ముత్తాత బాప్తిస్మపు తేదీ అచ్చువేస్తే బ్రతికి ఉన్న మనుమల సర్టిఫికెట్టుకు చిక్కు రావచ్చు. అందుచేత వంశవృక్షం తయారుచేసే విద్యార్థులు బ్రతికి ఉన్నవారి పేర్లను, వారి తల్లిదండ్రుల పేర్లను కుటుంబం ఒప్పుకోకుండా ప్రచురించరాదని నా అభిప్రాయం. పూర్తి ప్రతి ఆ ఇంట్లో ఉంటే చాలు.