ఫోటో కాదు, బొమ్మే

మొన్న మా అమ్మాయి కంప్యూటర్లో ఏదో చూస్తూ, "అమ్మా, ఈ ఫోటోలో ఆవిడ అచ్చం అమ్మమ్మలా ఉంది" అంది. తీరా చూస్తే అది ఫోటో కాదు, బొమ్మ. వేసింది తమిళనాడు చిత్రకారుడు ఎస్. ఇళయరాజా. (పాటల ఇళయరాజా వేరు. ఈయన పేరెత్తినప్పుడల్లా ఆ మాట చెప్పుకోక తప్పదు.)

కుంభకోణం దగ్గర పల్లెటూళ్ళో 1979లో పుట్టాడు. కుంభకోణంలోనూ, తర్వాత చెన్నైలోనూ చిత్రకళ చదివాడు. 'ఆనంద వికటన్' పత్రికలో వచ్చిన బొమ్మలతో తమిళుల ఇళ్ళలో పేరు తెలిసింది.

ఆ బొమ్మల్లో పెద్ద సంఘటనలేవీ జరగవు. గడపలో కూర్చున్న ఆడమనిషి, వంటింట్లో పనిలో ఉన్న అమ్మాయి, నలిగిన నూలు చీర, పాత గోడ. ఒక పక్కనుంచి వెలుగు పడుతూ ఉంటుంది. ఆ వెలుగు పడేది నల్లని ముఖాల మీద!

ఇది చిన్న విషయం కాదు. రాజా రవివర్మ (1848-1906) 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టాక మన పూజగదుల్లోకి వచ్చిన లక్ష్మీ, సరస్వతీ తెల్లగానే వచ్చారు. మన వడ్డాది పాపయ్యగారి (1921-1992) 'యువ' ముఖచిత్రాల సుందరాంగులంటే నాకు ప్రాణం. కానీ వాళ్ళు కలలో మనుషులు, మా వీధిలో తిరిగేవాళ్ళు కాదు. నల్లని మేనిని మొదట బొమ్మకెక్కించింది ఇళయరాజాయే అననులెండి. అమృతా షేర్‌గిల్ 1937లోనే దక్షిణాది పల్లెజనాన్ని చిత్రించింది. అయితే ఆమెది వేరే శైలి. రవివర్మ వాడిన తైలవర్ణాల నేర్పునే తీసుకుని ఇంటిపని చేసుకునే మనిషికి అంత ఓపికగా కేటాయించడం ఇళయరాజా చేసిన పని.

"ఫోటోలా ఉంటే ఇక బొమ్మెందుకు?" అనేవాళ్ళున్నారు. మామూలు ఫోటోలో నీడన ఉన్న నల్లని ముఖం మసకబారిపోతుంది. ఈయన ఆ నీడలోనే ఎరుపూ గోధుమా విడివిడిగా చూపిస్తాడు. పేదరికాన్ని కాస్త అందంగా చూపిస్తాడన్న మాట మాత్రం కాదనలేను.

2021 జూన్‌లో కరోనా ఆయన్ని తీసుకుపోయింది.

రంగు తక్కువని మా అమ్మకు రెండు సంబంధాలు తప్పిపోయాయట. మా దగ్గరున్న అమ్మ పడుచునాటి ఫోటోలు మూడే. మూడూ స్టూడియోలో ముఖానికి దట్టంగా పౌడరు రాసి తీసినవే.