ఫోటో కింది ఒక్క వరుస

50 ఎం.ఎం., ఎఫ్/2, 1/60, ఐఎస్‌ఓ 1600, రా.

దీపావళి రాత్రి వాకిట్లో కాకరపువ్వొత్తి పట్టుకుని నవ్వుతున్న పాప ఫోటో ఒకటి ఉందనుకుందాం. పై వరుస ఆ ఫైల్లో కెమెరా తనంతట తాను రాసుకున్నది. ఈ పద్ధతి పేరు ఎక్సిఫ్. 1995లో జపాన్‌లో మొదలైంది. ఇప్పుడు కెమెరాలూ ఫోన్లూ దాదాపు అన్నీ దీన్నే పాటిస్తున్నాయి. డిజికామ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫోటో తెరిస్తే పక్కనే కనిపిస్తుంది. కొత్త లెన్స్ కోసం డబ్బు దాచుకుంటున్నవాళ్లు ముందు తమ పాత ఫోటోల్లో ఈ వరుసను చదవాలి. ఏ లోపం లెన్స్‌ది, ఏది మన ఎంపికది అన్నది అక్కడే తేలిపోతుంది.

50 ఎం.ఎం.: లెన్స్ ఫోకల్ లెంగ్త్. అంకె పెరిగేకొద్దీ ఫ్రేములో పట్టేది తగ్గుతుంది, దూరపువి దగ్గరగా కనిపిస్తాయి. అయితే వెనకున్న సెన్సర్ ఎంతో తెలియనిదే ఈ అంకెకు అర్థం లేదు. ఇక్కడిది ఫుల్ ఫ్రేమ్, 36×24 మిల్లీమీటర్లు. చాలామంది మొదట కొనే, ఇంతకన్నా చిన్న సెన్సరున్న ఏపీఎస్-సీ కెమెరాకు ఇదే లెన్స్ తగిలిస్తే నికాన్, సోనీల్లో 75 లాగా, కానన్‌లో 80 లాగా పనిచేస్తుంది. ఒక్కరి ముఖానికి అది బాగుంటుంది. చిన్న గదిలో ఇంటిల్లిపాదినీ నిలబెట్టి తీయాలంటే మాత్రం ఎంత వెనక్కి జరిగినా చాలదు.

ఎఫ్/2: 50ని 2తో భాగిస్తే 25. అంటే ముందు నుంచి చూస్తే లెన్స్ అపెర్చర్ 25 మిల్లీమీటర్ల వెడల్పున తెరుచుకుంది. 1.4, 2, 2.8, 4, 5.6, 8 అని వెళ్తుంటే ఒక్కో మెట్టుకీ వెలుతురు సగమవుతుంది. చీకట్లో కాబట్టి ఇంతగా తెరవక తప్పలేదు. దానికి చెల్లించే మూల్యం ఫోకస్ లోతు: పాప మీటరున్నర దూరంలో ఉంటే స్పష్టంగా వచ్చేది పది సెంటీమీటర్ల మేర. ఫోకస్ కంటి మీద పెట్టాలి, చేతిలోని మెరుపుల మీద కాదు. ఆటోఫోకస్‌ను దానికే వదిలేస్తే చాలాసార్లు మెరుపుల్నే పట్టుకుంటుంది.

1/60: షట్టర్ తెరిచి ఉన్న సమయం, సెకనులో అరవయ్యో వంతు. 50 ఎం.ఎం. లెన్స్‌కు 1/50 దాకా చేత్తో పట్టుకుని తీయవచ్చని పాత లెక్క. అది మన చెయ్యి కదలడానికి సంబంధించిన లెక్క, పాప కదలడానికి కాదు. స్టెబిలైజేషన్ ఉన్న లెన్స్ కూడా పాపను ఆపలేదు. కాకరపువ్వొత్తి తిప్పుతున్న పిల్లకు 1/125 అయినా కావాలి.

ఐఎస్‌ఓ 1600: ఈ అంకె పెంచితే సెన్సర్‌లోకి వెలుతురు ఎక్కువేమీ రాదు, వచ్చిన సంకేతాన్నే కెమెరా పెంచి చూపిస్తుంది. ఫోటోలో ఇసుక చల్లినట్టు కనిపించే నాయిస్ ముఖ్యంగా వెలుతురు చాలకపోవడం వల్ల వచ్చేదే. దానికి భయపడి ఐఎస్‌ఓ తగ్గించి, షట్టర్‌ను నెమ్మది చేసేవాళ్లు ఎక్కువ. నేనైతే ఇక్కడ 3200కి వెళ్లి 1/125 తీసుకోమంటాను. నాయిస్‌ను తర్వాత తగ్గించుకోవచ్చు. కదిలిపోయిన ముఖాన్ని ఏ సాఫ్ట్‌వేరూ నిజంగా తిరిగి తేలేదు.

రా: సెన్సర్ పట్టిన సమాచారాన్ని జేపెగ్‌గా మార్చకుండా ఉన్నదున్నట్టు దాచిన ఫైలు. ఈ వరుసలో అన్నిటికన్నా విలువైన మాట ఇదే. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 స్థాయిలు మాత్రమే ఉంటాయి. 14 బిట్ల రా ఫైల్లో 16,384. పాప వెనక చీకట్లో నిలబడ్డ అమ్మమ్మ ముఖం జేపెగ్‌లో నల్లటి మరకగా మిగిలిపోవచ్చు. రాలో ఆ నీడను పైకి తీస్తే కళ్లజోడు, కళ్లు, చీర అంచు కనిపిస్తాయి. నిప్పురవ్వల పసుపు ముఖమంతా పరుచుకుంటే వైట్ బ్యాలెన్స్ తీరిగ్గా సరిదిద్దుకోవచ్చు. కానీ పూర్తిగా తెల్లగా అయిపోయిన చోట రాలో కూడా తిరిగి రావడానికి ఏమీ ఉండదు. అందుకే తీసేటప్పుడే హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి, కుడిన వెలుగు చూపే గ్రాఫ్) చూసుకోవాలి. కుడి అంచుకు కొద్దిగా తగిలితే ఫరవాలేదు, అది కాకరపువ్వొత్తి మెరుపే. ముఖం అక్కడిదాకా వెళ్లకూడదు. రా ఫైళ్లను ఇలా సరిదిద్దే పనికి డార్క్‌టేబుల్, రాథెరపీ అనే సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితం. నెలనెలా చందా కట్టలేని విద్యార్థికి వీటికన్నా మేలు చేసేవి లేవు. డార్క్‌టేబుల్ మొదట్లో తికమక పెడుతుంది. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, నాయిస్ తగ్గించే మాడ్యూల్, ఈ మూడింటితో మొదలుపెడితే చాలు.

వరుసలో పైకి కనిపించనిది: ఫోన్‌తో తీసినప్పుడు లొకేషన్ ఆన్‌లో ఉంటే ఎక్సిఫ్‌లో ఇంటి అక్షాంశ రేఖాంశాలు కూడా చేరతాయి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ వివరాలు పోతాయి; డాక్యుమెంట్‌గా పంపితే ఫైలుతోపాటే వెళ్తాయి. పిల్లల ఫోటోను బయటివాళ్లకు ఫైలుగా ఇచ్చే ముందు ఫిల్ హార్వీ రాసిన ఎక్సిఫ్‌టూల్‌తో ఆ ఒక్క భాగాన్ని తీసేయాలి. మిగతా వరుసను ఉంచండి, నేర్చుకునేవాళ్లకు పనికొస్తుంది.